దూరదేశపు తనిఖీ – మన ఊరి కూలి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రంథాలయమును నడపుట సామాన్యమైన పని కాదు. గుడి కట్టించినవారి పేరు రాతిపై నిలుచును. సత్రము కట్టించినవారిని బాటసారి తలచుకొనును. గ్రంథాలయము నడపువారికి మాత్రము చిరిగిన పుస్తకములను అంటించుట, చందాలు వసూలు చేయుట, ఇచ్చిన పుస్తకమును తిరిగి తెప్పించుకొనుట అను మూడు శ్రమలే మిగులును. 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు కోరినది ఒక్కటే: చదువు ధనికుల బీరువాలలో బందీ కాకూడదు. ఆ దీపమును మండపేటలో ఆరిపోకుండ కాచిన మీకందరకు నా నమస్కారములు.

కార్యదర్శిగారు నన్ను "ఊరివారికి పనికివచ్చు విషయము" చెప్పుమనిరి. నేను ఎన్నుకొన్న విషయము మొదట వినుటకు దూరపుదిగా తోచవచ్చును. అమెరికాలోను ఐరోపాలోను సరకు కొను కంపెనీలు, ఆ సరకును తయారుచేయు ఇతర దేశముల కూలివారి స్థితిగతులను తామే తనిఖీ చేయించుట – ఇదియే నా విషయము. ఇందులో ప్రభుత్వపు అధికారి లేడు. కంపెనీ ఒక నియమావళిని వ్రాసికొనును, ఒక తనిఖీ సంస్థకు రుసుము ఇప్పించును, ఆ సంస్థ వచ్చి చూచి ఒక ధ్రువపత్రము నిచ్చును. ఆ పత్రమును చూచి అచ్చటి గృహిణి నిశ్చింతగా సరకు కొనును. దీనికిని మనకును సంబంధమేమి అందురా? తెల్లవారకమునుపే ఊరి మొగలో వ్యాను ఎక్కి రొయ్యల షెడ్డులకు పోవు మన ఆడపడుచులే ఆ సంబంధము.

ఒకప్పుడు మన గోదావరి మండలపు పంటకు కొనుగోలుదారుడు ఎవ్వరో మనకు తెలిసియుండెడివాడు. ధాన్యము మన మిల్లులోనే మర ఆడెడిది. కొబ్బరికాయ అంబాజీపేట సంతకు పోయెడిది. రొయ్య సంగతి వేరు. 2009 లో వన్నామీ రొయ్య పెంపకమునకు మన దేశములో అనుమతి లభించిన పిదప, మన డెల్టాలలో వరిచేలు అనేకము చెరువులైనవి. ఆంధ్రదేశము రొయ్యల ఉత్పత్తిలో భారతదేశమున ప్రథమస్థానము నందుకొన్నది. ఆ సరకులో పెద్ద భాగము అమెరికాకు పోయినది. చెరువు రైతు, దళారి, తలతీయు షెడ్డు, మంచుగడ్డ కట్టించు కర్మాగారము, ఎగుమతిదారు, ఓడ, దిగుమతిదారు, పెద్ద అంగడి – ఇన్ని చేతులు మారిన పిదపగాని ఆ రొయ్య పళ్ళెములోనికి రాదు. దీనినే సరఫరా గొలుసు అందురు. గొలుసు ఆ కొసనున్నవాడు ఈ కొసనున్నవానిని ఎన్నడును చూడడు.

దూరమున నున్న కూలివానికి కాగితముపై రక్షణ కల్పించు ప్రయత్నము క్రొత్తది కాదు. మన తీరమునుండియు, మదరాసు రేవునుండియు మనవారు బర్మాకు, మారిషసుకు, నేటాలునకు పోయిన చరిత్ర మీకు తెలియును. 1860 నవంబరు 16 వ తేదీన మదరాసునుండి "ట్రూరో" అను ఓడ దర్బను రేవు చేరినది. అందులో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. అప్పటి ఒడంబడిక కూలివానికి కాగితముల కేమియు కొరత లేదు. వైద్యుడు పరీక్షించెను, వలసదారుల రక్షకుడను అధికారి సంతకము చేసెను, కూలి రేటు వ్రాసియుండెను. కాని తోటలో కొరడా పడినపుడు ఆ కాగితము అడ్డుపడలేదు. ఏలనగా ఆ కాగితము కూలివాడు చదువలేని భాషలో, కూలివాని చేతిలో లేని అధికారముతో వ్రాయబడినది. ఆ పద్ధతి క్రింద కూలివారిని చేర్చుకొనుట 1917 లో నిలిచిపోయినది. నిలిపినది కాగితము కాదు. ఆ దుఃఖమును బయటపెట్టిన మనుష్యులు, దానిని పట్టుకొని దేశమున లేచిన ఆందోళన.

కంపెనీలు తాముగా విచారణ జరిపించుటయు పాతదే. పోర్చుగీసువారి సావొటోమె దీవులలో కోకో తోటల కూలివారు బానిసలవలె ఉన్నారను మాట వినవచ్చినపుడు, ఇంగ్లండులోని కేడ్బరీ చాక్లెటు కంపెనీవారు 1905 లో ఒక ప్రతినిధిని పంపి విచారింపజేసిరి. ఆ మాట నిజమేనని అతడు చెప్పెను. అయినను ఆ కోకో కొనుట మానుటకు 1909 వరకు పట్టినది. విచారణ మొదలగుటకును, కొనుట మానుటకును నడుమ నాలుగు సంవత్సరములు గడచినవి. ఆ ఎడమునందు బాధపడినవారు తోటలలోని వారే.

నేటి పద్ధతి 1991 నుండి మొదలైనదని చెప్పవచ్చును. ఆ యేట అమెరికాలోని లీవై స్ట్రాస్ అను దుస్తుల కంపెనీ తన సరకు కుట్టు విదేశీ కర్మాగారములకు ఒక నియమావళిని ప్రకటించినది. పిదప ఒకరి వెనుక నొకరు పెద్ద కంపెనీలన్నియు వ్రాసికొనిరి. 1997 లో ఎస్.ఎ. 8000 అను ధ్రువపత్రము వచ్చినది. బాలలను పెట్టరాదు, బలవంతపు పని కూడదు, వేతనము చట్ట ప్రకారము ఇయ్యవలెను, తలుపులకు తాళములు వేయరాదు – ఇట్టి మంచి మాటలే అన్నిటిలో ఉండును. మాటలలో దోషము లేదు. దోషము ఎచ్చట నున్నదో చూతము.

2012 సెప్టెంబరు 11 న కరాచీలో ఒక దుస్తుల కర్మాగారము కాలిపోయినది. 250 మందికి పైగా మరణించిరి. కిటికీలకు ఇనుప కమ్ములు, బయటికి పోవు తలుపులకు తాళములు ఉండెను. ఆ కర్మాగారమునకు ఎస్.ఎ. 8000 ధ్రువపత్రము కొద్ది వారములకు ముందే వచ్చియుండెను! మరుసటి సంవత్సరము, 2013 ఏప్రిల్ 24 న, బంగ్లాదేశములోని సావర్ పట్టణమున రాణా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. ముందటి దినముననే గోడలు బీటలు వారినవి. క్రింది అంతస్తులోని బ్యాంకువారు తమ గుమాస్తాలను రావలదనిరి. పై అంతస్తులలో కుట్టుపని చేయువారిని మాత్రము, రాకున్న జీతము పోవునని చెప్పి లోనికి పంపిరి. అందలి కొన్ని కర్మాగారములను గూడ అంతకు మునుపు తనిఖీదారులు చూచిపోయిరి. భవనపు బలము మా పరీక్షలోనిది కాదని పిదప సమాధానము వచ్చినది.

సభాసదులు ఇచ్చట ఒక్క విషయము గమనింపవలెను. బీట అందరికిని కనబడినది. బ్యాంకు గుమాస్తాకు కాదనుటకు వీలుండెను, కుట్టుపనివానికి లేకపోయెను. ప్రాణము కాపాడినది బీటను చూచు కన్ను కాదు, చూచి కాదనగల శక్తి.

ప్రైవేటు తనిఖీ ఏల విఫలమగునో మన పల్లెటూరి బుద్ధికి సులభముగా తెలియును. కాటా సరిగా నున్నదో లేదో పరీక్షించువానికి జీతము ఆ కాటా యజమానియే ఇచ్చినచో, ఆ పరీక్షను సంతలో ఎవడైన నమ్మునా? ఇచ్చటను అంతియే. తనిఖీ రుసుము చాలచోట్ల తనిఖీ చేయబడు కర్మాగారమే చెల్లించును. కఠినముగా వ్రాసిన తనిఖీదారునికి మరుసటి యేడు పిలుపు రాకపోవచ్చును. రెండవది, తనిఖీ తేదీ ముందుగానే తెలియును. ఆనాటికి గోడలకు సున్నము పడును, చేతి తొడుగులు వచ్చును, హాజరు పుస్తకము క్రొత్తది వచ్చును, కూలివారికి చెప్పవలసిన జవాబులు మేస్త్రీ నేర్పును. మూడవది, తనిఖీదారుడు చూచునది పెద్ద గేటు గల కర్మాగారమును. పని వత్తిడి పెరిగినపుడు సరకు పోవు సందులోని షెడ్డు అతని పటములో ఉండదు. నాల్గవది, అతని నివేదిక కొనుగోలుదారునికి పోవును, యజమానికి పోవును, ఎవరిని గూర్చి వ్రాసెనో ఆ కూలివారికి మాత్రము చేరదు.

1947 నాటి అంతర్జాతీయ కార్మిక ఒడంబడిక, 81 వ సంఖ్య గలది, ఇందుకు పూర్తిగా వేరు. ప్రభుత్వపు తనిఖీ అధికారి పగలుగాని రాత్రిగాని, ముందుగా తెలుపకుండ, పనిచోటులోనికి ప్రవేశింపవచ్చునని అది చెప్పుచున్నది. మన దేశము 1949 లోనే దానిని అంగీకరించినది. ప్రైవేటు తనిఖీదారునకు ఆ హక్కు లేదు, తప్పు చేసినవానిని కోర్టుకు ఈడ్చు అధికారము లేదు. కావున ప్రభుత్వపు తనిఖీకి ఇది బదులు కాజాలదు. ప్రభుత్వ తనిఖీ బలహీనపడిన చోట ఇది ఆ ఖాళీని నింపినట్లు కనబడుటయే దీనిలోని గొప్ప ప్రమాదము.

ఇక మన గడపకు వత్తము. 2024 మార్చిలో అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అను సంస్థ మన రాష్ట్రపు రొయ్యల పరిశ్రమను గూర్చి ఒక నివేదిక ప్రకటించినది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేఖరులును అదే సమయమున ఇచ్చటి షెడ్డులను చూచి వ్రాసిరి. రొయ్యల మంచునీటిలో గంటలకొలది నిలిచి వట్టి చేతులతో ఒలుచు స్త్రీలు, వేళ్ళకు పుండ్లు, కనీస వేతనముకంటె తక్కువ కూలి, అప్పులలో మునిగిన చెరువు రైతులు – ఇవి వారు వ్రాసిన సంగతులు. ఆ స్త్రీలలో దళిత కుటుంబములవారు అధికము. అదే నెలలో, మన అమలాపురపు ప్రాంతమందలి ఒక కర్మాగారములో పనిచేసి విడిచిన అమెరికా దేశపు మేనేజరు ఒకరు అచ్చటి కాగితములను బయటపెట్టిరి. దూరరాష్ట్రములనుండి వచ్చిన కూలివారు ఆవరణలోనే ఇరుకుగా నివసించుచు, స్వేచ్ఛగా బయటికి పోజాలకుండిరని వారి ఆరోపణ. ఆ సంస్థవారు ఆరోపణలను త్రోసిపుచ్చిరి. మన ప్రభుత్వమువారును పరిశ్రమపై వచ్చిన ఆరోపణలు నిరాధారములనిరి. ఎవరిది నిజమో తీర్పు చెప్పుటకు ఈ సభ న్యాయస్థానము కాదు. కాని ఒక్క మాట నిర్వివాదము. ఆ కర్మాగారమునకు విదేశీ ధ్రువపత్రము ఉండెను. ఆ పత్రము కూలివారి మేలునకు నిజమైన సాక్ష్యమే యైనచో, ఇంత వివాదము పుట్టినపుడు దానిని చూపి ఒక్క దినములో ముగింపవలసినది. అది జరుగలేదు. పత్రమునకు సాక్ష్యబలము లేదని తేలినది.

అట్లని దూరపు కొనుగోలుదారుని ఆసక్తి అంతయు నిరుపయోగమా? కాదు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందే దీనికి మరియొక సాక్ష్యము కలదు. హైబ్రిడ్ ప్రత్తి విత్తనము తీయుటకు పువ్వు పువ్వునకు చేతితో పుప్పొడి అద్దవలెను. కర్నూలు, మహబూబునగరు జిల్లాల చేలలో ఆ పని బడి ఈడు ఆడపిల్లలచే చేయించుచుండిరి. పరిశోధకులు దావులూరి వెంకటేశ్వర్లుగారు 2000 తరువాతి సంవత్సరములలో ఈ స్థితిని వరుస నివేదికలలో వ్రాసిరి. ఆ విత్తనము కొనువారిలో మోన్సాంటో, సింజెంటా, బేయరు అనుబంధ సంస్థలవంటి విదేశీ కంపెనీలును ఉండెను. "పొలము రైతుది, పిల్లలను పెట్టినది రైతు, మాకేమి సంబంధము?" అనుట మొదట వారికి సులభముగానే ఉండెను. ఐరోపాలోని సంఘములు అడుగగా, ఇచ్చట బాలల బడికొరకు పాటుపడు ఎం. వెంకటరంగయ్య ఫౌండేషనువంటి సంస్థలు పట్టుపట్టగా, 2003 నుండి కొన్ని కంపెనీలు చేలను చూచుటకు ఉమ్మడి సంఘముల నేర్పరచుటకు ఒప్పుకొన్నవి.

అప్పుడు తెలిసిన నిజము రైతులందరు వినదగినది. కంపెనీ ఇచ్చు కొనుగోలు ధర పెద్దల కూలికి చాలదు. చాలని ధర ఇచ్చి, బాలలను పెట్టరాదని ఆజ్ఞాపించుట రైతును అబద్ధములోనికి నెట్టుటయే. 2005 నాటి నివేదిక ఈ లెక్కను విప్పి చూపినది. పిదప పిల్లలను పెట్టని రైతులకు ధరపై 5 శాతము బోనసు, మాట తప్పినవారికి జరిమానా, పిల్లలకు బడి – ఈ మూడును కలిసినపుడే ఆ చేలలో మార్పు కనిపించినది. తనిఖీ మాత్రమే చాలలేదు. ధర మారినది, బడి తెరిచినది, ఊరివారు చూచుచుండిరి.

రొయ్యకును ఇదే సూత్రము వర్తించును. అంగడివాడు ఏటేట ధర తగ్గింపుమని పట్టుపట్టును. ఆ తగ్గుదల ఎగుమతిదారునినుండి దళారికి, దళారినుండి చెరువు రైతునకు, షెడ్డు యజమానికి దిగి, చివరకు ఒలుచు స్త్రీ వ్రేళ్ళమీద పడును. ఒక చేత ధర కోసి, ఒక చేత నియమావళి నిచ్చు కొనుగోలుదారుని మనము నిలదీయవలెను. అయితే ఆ మాట చెప్పి మన షెడ్డు యజమాని తన బాధ్యతను తప్పించుకొనరాదు. చేతి తొడుగులకు, మరుగుదొడ్డికి, ప్రమాదమైనపుడు ఆసుపత్రికి విదేశపు ధర పెరుగువరకు వేచియుండ నక్కరలేదు.

మేలైన మార్గములును లోకమున కనబడినవి. రాణా ప్లాజా కూలిన కొద్ది వారములలోనే, 2013 మే నెలలో, బంగ్లాదేశపు అగ్ని-భవన భద్రతా ఒప్పందము కుదిరినది. రెండు వందలకు పైగా కంపెనీలు కార్మిక సంఘములతో కలిసి సంతకము చేసినవి. దీని విశేషములు మూడు: ఒప్పందము తప్పినచో మధ్యవర్తి న్యాయమునకు ఈడ్చుటకు వీలుండెను, తనిఖీ నివేదికలు అందరును చూచునట్లు ప్రకటింపబడెను, అపాయకరమైన భవనములోనికి పోనని చెప్పు హక్కు కూలివానికి ఉండెను. మన పొరుగున తమిళనాడులోని దిండిగల్లులో, ఒక దళిత యువతి తన పై ఉద్యోగి చేతిలో హత్యకు గురియైన పిదప, 2022 ఏప్రిల్‌లో మరియొక ఒప్పందము కుదిరినది. దళిత స్త్రీల నాయకత్వమున నడచు కార్మిక సంఘముతో కర్మాగారము సంతకము చేసినది, హెచ్ అండ్ ఎం మొదలగు కొనుగోలు కంపెనీలును కట్టుబడినవి. అచ్చట పని గదిలోని స్త్రీలే శిక్షణ పొంది, తోటివారిపై జరుగు వేధింపును గమనించి తెలుపు పద్ధతి ఏర్పడినది. తనిఖీదారుడు ఏడాదికి ఒక దినము వచ్చును, తోటి పనిమనిషి ప్రతిదినము అచ్చటనే యుండును.

విదేశములలో చట్టములును వచ్చినవి. ఫ్రాన్సు 2017 లోను, జర్మనీ 2021 లోను తమ పెద్ద కంపెనీలు సరఫరా గొలుసులోని అన్యాయములను కనిపెట్టవలెనని శాసించినవి. ఐరోపా సమాఖ్య 2024 లో అట్టి ఆదేశమును చేసి, 2025 లో దాని అమలును వాయిదా వేసినది. అనగా దూరపు చట్టము దూరపు రాజకీయముతో పెరుగును, తరుగును. దానిపైననే ఆధారపడి మన ఊరి న్యాయమును కట్టుకొనజాలము.

మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, కనీస వేతనముల చట్టము మొదలగు పాత శాసనముల స్థానమున నాలుగు కార్మిక సంహితలు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినవి. వాని మంచిచెడ్డలను గూర్చి వాదములు కలవు. వాదమెట్లున్నను, నియామక పత్రము ఇయ్యవలెననియు, అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇయ్యవలెననియు వానిలో వ్రాసియున్నది. పదునాలుగు సంవత్సరములు నిండని పిల్లలను పనిలో పెట్టుట వేరొక చట్టముచే నిషిద్ధము. ఈ సభలోని తల్లులను అడుగుచున్నాను: మీలో ఎందరి చేతికి నియామక పత్రము వచ్చినది? రానివారు అడుగవచ్చునని ఎందరికి తెలియును?

ఇచ్చటనే గ్రంథాలయము పని మొదలగును. నవలలు, పురాణములు ఉండవలసినదే. వానితోపాటు ఒక చిన్న బీరువాలో కనీస వేతనముల ప్రకటన, కార్మిక సంహితల తెలుగు పాఠము, మన షెడ్డులనుండి సరకు కొను కంపెనీల నియమావళుల తెలుగు అనువాదము ఉంచుడు. ఆ నియమావళులు ఇంగ్లీషులో అందరకు దొరకునవే, చదివినవారే లేరు. వారమున కొక సాయంకాలము, షెడ్డు పని ముగిసిన పిదప, చదువు వచ్చిన పిల్ల ఒకతె బిగ్గరగా చదువవలెను, పెద్దలు వినవలెను. పనిగంటలు, కూలి, కోతలు వ్రాసికొనుటకు ప్రతి స్త్రీకి ఒక చిన్న పుస్తకము ఇయ్యుడు. యజమాని హాజరు పుస్తకము ఒకటి చెప్పి, నలుబదిమంది స్త్రీల పుస్తకములు వేరొకటి చెప్పినచో, ఏ తనిఖీదారుడును దానిని త్రోసివేయజాలడు. ఫిర్యాదు వ్రాయుటకు వచ్చిన వారికి కాగితము, కలము, వ్రాయుచేయి ఇచ్చట దొరకవలెను. వారి పేరు మాత్రము గోడ దాటి బయటికి పోరాదు.

దీనివలన పరిశ్రమకు కీడని కొందరు శంకింతురు. కొనుగోలుదారుడు పారిపోవునందురు. కప్పిపుచ్చిన లోపము ఒకనాడు సముద్రమునకు ఆవల పత్రికలో పడి, మంచి రైతును చెడ్డ రైతును ఒక్కటిగా ముంచునని 2024 మనకు నేర్పినది. ఊరిలోనే అడిగి ఊరిలోనే దిద్దుకొన్న లోపము ఎవ్వరిని ముంచదు. న్యాయము మంచి యజమానికి శత్రువు కాదు. అన్యాయముగా చవుకకు అమ్ము పొరుగువానినుండి అతనిని కాపాడునది అదియే.

సోదరులారా! ఈ ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయము మనకు చదువు నిచ్చినది. రాబోవు ఇరువదియైదేండ్లలో చదివిన దానిని అడుగు ధైర్యము నీయవలెను. విదేశపు ధ్రువపత్రమును గోడకు వ్రేలాడదీసినంత మాత్రమున అది మన పత్రము కాదు. అందులో వ్రాసినది నిజమా కాదా అని మంచునీటిలో చేయిపెట్టిన స్త్రీయే చదివి చెప్పగలిగిననాడు అది మన పత్రమగును. ఆమెకు ఆ అక్షరములు నేర్పు భారము మీది. మీ సంస్థ చిరకాలము వర్ధిల్లుగాక!